జిన్నింగ్ సీజన్‌కు ముందు మోటారు డ్రైవ్‌ల విషయంలో జాగ్రత్తలు

దసరా దాటితే వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రాక పెరుగుతుంది. ఆపై పత్తి నుంచి గింజలను వేరుచేసే జిన్నింగ్ మిల్లులలో, గాలితో పత్తిని పైపుల్లో నడిపే బ్లోయర్లు, దాన్ని మోసుకెళ్లే కన్వేయర్లు రాత్రింబవళ్లు తిరగవలసిందే. అందుకే ఏ లోపం వస్తే వేగం తగ్గించి నడిపించాలో, ఏ లోపం వస్తే వెంటనే ఆపివేయాలో ముందుగానే తేల్చుకొని, వాటి మోటార్ల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌ల సెట్టింగులలో ఆ మేరకు మార్పులు చేసి పెట్టుకోవాలి. పత్తి బండ్లు గేటు ముందు బారులు తీరిన తరువాత తీసుకునే నిర్ణయాలు చాలావరకు మోటారును కాల్చేవిగానే ఉంటాయి.

డ్రైవ్ మూత తెరిచే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 415 వోల్టుల త్రీఫేజ్ సరఫరా మీద దాని లోపల ఏసీ నుంచి మారిన డీసీ ఉండే భాగం, అంటే డీసీ బస్, సుమారు 580 వోల్టుల దాకా ఉంటుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది కాబట్టి, లేబుల్ మీద రాసినంతసేపు ఆగి, మీటరుతో చూసిన తరువాతే చేయి పెట్టాలి. హీట్‌సింక్‌లో, ఫ్యాన్‌లో ఇరుక్కున్న దూదిని పూర్తిగా తీయాలి. వానాకాలపు తేమ వైండింగుల్లోకి చేరి ఉంటుంది గనుక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) పరీక్షించి, 5 మెగాఓమ్‌లకన్నా తక్కువ చూపితే మోటారును ఆరబెట్టాలి. అయితే మోటారు కేబుళ్లను డ్రైవ్ నుంచి విప్పకుండా మెగ్గర్ పెడితే డ్రైవే పాడవుతుంది. ఏడాదికి మించి వాడని డ్రైవ్‌కు తయారీదారు చెప్పిన పద్ధతిలో వోల్టేజీని మెల్లగా పెంచుతూ కెపాసిటర్లను తిరిగి సిద్ధం చేయాలి.

డ్రైవ్‌లో మోటారుకు వెళ్లే కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లలో ఒకటి పనిచేయడం మానేస్తే, అదనపు స్విచ్‌ల జత (లెగ్)తోనో, డీసీ బస్ మధ్యబిందువుకు ఆ ఫేజును కలిపో మోటారును తక్కువ సామర్థ్యంతో నడిపించే పద్ధతులు ఉన్నాయి. మిల్లులకు కొనే మామూలు డ్రైవ్‌లలో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి, ఒక స్పేర్ డ్రైవ్, దానిలో ముందే ఎక్కించిన పారామీటర్లు (సెట్టింగులు) ఉంచుకోవడమే మేలు. వేగాన్ని కొలిచే సెన్సరు, అంటే ఎన్‌కోడర్, ఉన్న మోటారుకు మాత్రం, దాని తీగ తెగితే సెన్సరు లేకుండానే వేగాన్ని అంచనా వేసే సెన్సర్‌లెస్ పద్ధతికి మారే వీలు డ్రైవ్‌లో ఉందేమో చూసి పెట్టుకోవాలి.

వేగం తగ్గించి నడపడం అన్ని చోట్లా ఒకే ఫలితం ఇవ్వదు. బ్లోయర్ వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే దానికి కావలసిన శక్తి దాదాపు సగానికి పడిపోయి డ్రైవ్‌కు ఊరట దొరుకుతుంది; కానీ గాలి ఒత్తిడి సుమారు 64 శాతానికి దిగి పత్తి పైపులో పేరుకుపోతుంది, కనుక ముందు పత్తి ఫీడింగు తగ్గించి ఆ తరువాతే వేగం తగ్గించాలి. కన్వేయర్‌లో లోడు తగ్గకపోతే కరెంటు పెద్దగా తగ్గదు. పైగా మోటారు సొంత ఫ్యాన్ నెమ్మదించి వైండింగు వేడెక్కుతుంది.

మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఒక ఫేజు పోతే మోటారును ఆపే ఫేజ్ లాస్ రక్షణను తీసివేయడం కొన్ని మిల్లులలో అలవాటుగా మారిపోయింది. రెండు ఫేజుల మీద తిరిగే మోటారు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆటో రీస్టార్ట్‌ను కరెంటు కొద్దిసేపు పోయి వచ్చే సందర్భానికే పరిమితం చేసి, ఎర్త్ ఫాల్ట్ (కరెంటు భూమికి లీకవడం), ఓవర్ కరెంట్ ట్రిప్‌లకు పూర్తిగా ఆపి ఉంచాలి. ఎక్కడ చూసినా దూదే ఉండే చోట ఒక్క నిప్పురవ్వ చాలు. జామ్ అయిన ఫీడర్‌ను తీసే కూలీ చేయి లోపల ఉండగా యంత్రం దానంతట అదే తిరగకుండా, మూత తెరిస్తే యంత్రం నడవకుండా చేసే ఇంటర్‌లాక్ తప్పక ఉండాలి. తీసే ముందు మెయిన్ ఆపి తాళం వేయాలి.

డ్రైవ్ లేకుండా మోటారును నేరుగా సరఫరాకు కలిపే బైపాస్ స్టార్టర్ ఉన్నచోట, డ్రైవ్ అవుట్‌పుట్ కాంటాక్టరు (విద్యుత్తుతో పనిచేసే పెద్ద స్విచ్), బైపాస్ కాంటాక్టరు ఒకేసారి ఆన్ కాకుండా మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్‌లు రెండూ ఉన్నాయో లేదో చూడాలి. చివరగా, పత్తి రాకముందే ఖాళీ మోటారు మీద ఇన్‌కమింగ్ సరఫరాను క్షణకాలం తీసివేసి, బయటి లోపం వచ్చినట్టు సంకేతం (ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ ఇన్‌పుట్) ఇచ్చి, డ్రైవ్ మనం అనుకున్నట్టే స్పందిస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ సమక్షంలో చూసుకోవాలి. నడుస్తున్న మోటారు కేబుల్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు.