సవర మడి రాతిగట్టు కూలితే తిరిగి కట్టే పద్ధతి

ఒడిశాలోని గజపతి జిల్లా గుమ్మ, సెరంగో కొండల్లోనూ, రాయగడ జిల్లా గుణుపురం వైపూ లంజియ సవర గిరిజనులు వాలు మీద మెట్లుమెట్లుగా కట్టుకున్న వరి మళ్లకు సిమెంటు ఉండదు. రాయి మీద రాయే. నీరు సందుల్లోంచి దిగిపోతుంది, మట్టి నిలుస్తుంది. కూలిన చోట సిమెంటు పూశారో, నీరు వెనకే నిలిచి గట్టునంతా ముందుకు తోస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

రోహిణి కార్తెలో మొదలుపెట్టి మృగశిర నాటికి ముగించాలి. ముందు పై మడి చూడండి. నీరు బయటికి పోయే మడవ పూడిపోయి నీరు గట్టు మీంచి పొర్లిందా, పీతలు బొరియలు చేశాయా? అది సరిచేయకుండా కింద ఎంత కట్టినా వృథా.

కూలిన ముక్కతో పాటు పొట్ట ఉబ్బిన చోటు కూడా విప్పేయాలి. సమ్మెటతో వెనక్కి కొడితే అది నిలవదు. పైన జానెడు నల్లమట్టిని వేరే కుప్ప పోయండి, కింది మట్టితో కలిస్తే పైరు దెబ్బతింటుంది. రాళ్లను పెద్దవి, మధ్యవి, ముక్కలు అని విడదీసి పెట్టుకోండి.

గట్టి నేల తగిలేదాకా, కనీసం మూరెడు లోతు తవ్వి, అన్నిటికంటే పెద్ద రాళ్లు అడుగున వేయాలి. వాటి పైముఖం కొండవైపు కాస్త వాలి ఉండాలి. అయిదడుగుల ఎత్తుకి గట్టు ముఖం అడుగు వెనక్కి తగ్గాలి. దారం కట్టి చూసుకోండి. రాయి పొడవు లోపలికి వెళ్లాలి. అందం కోసం పొడవుని బయటికి పరిస్తే రాయి పట్టు వదులుతుంది. రెండు రాళ్ల సందు మీద మూడో రాయి కూర్చోవాలి. మూడడుగులకొకటి, గట్టు మందమంతా చొచ్చే పొడుగు రాయి పెట్టండి. కూర్చోబెట్టిన ప్రతి రాయి మీదా కాలేసి ఊపండి. కదిలితే వెనకనుంచి ముక్క దిగ్గొట్టాలి, ముందునుంచి కాదు, ముందు కొట్టింది జారిపోతుంది.

గట్టు వెనక అడుగు మందం రాతిముక్కలే నింపాలి, మట్టి వద్దు. ఆ వెనకే మట్టి, జానెడేసి పోసి తొక్కుతూ రావాలి. చివర్న నల్లమట్టి పరిచి, అంచున జానెడు ఎత్తు కట్ట వేసి, మడవ దగ్గర పలకరాయి పెట్టండి. నీరు పడే చోట కింద ఇంకో పలకరాయి.

తొలి పెద్ద వానలో వెళ్లి గట్టు మొదట్లో చేయి పెట్టండి. తేట నీరు కారితే మంచిదే. ఎర్రగా, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోంది. వాన వెలిసిన వెంటనే ఆ చోటు విప్పి, రాతిముక్కలు మళ్లీ నింపాలి.