ఇంగ్లీషు నేర్చుకుందాం – 7వ పాఠం: జంటమాటల్ని తిరగేయకండి

పోయిన పాఠంలో ప్రిపొజిషన్లతో కుస్తీ పట్టాం కదా, ఈసారి 'అండ్'కి అటొకటి ఇటొకటి కూర్చునే జంటమాటల సంగతి చూద్దాం.

ఆదివారం సాయంత్రాలు బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ హాస్టల్ మేడ మీద నలుగురైదుగురం ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేస్తుంటాం. మొన్న ఒంగోలు నుంచి వచ్చిన తమ్ముడొకడు చక్కగా మాట్లాడుతూ మాట్లాడుతూ "ఐ డిడ్ స్మాల్ ప్రాజెక్ట్స్ దేర్ అండ్ హియర్" అన్నాడు. ఆపి, "హియర్ అండ్ దేర్ అనాలి" అన్నాను.

"రెండూ ఒకటే కదక్కా, గ్రామర్ తప్పేముంది?"

మంచి ప్రశ్న. గ్రామర్ తప్పేం లేదు, అర్థమూ తెలుస్తుంది, కానీ ఎవరైనా 'చేమా చెట్టూ' అంటే మన చెవికి ఎలా ఉంటుందో ఇంగ్లీషువాళ్ళకి అది అలా ఉంటుంది.

వాడు అలా ఎందుకన్నాడో ఆలోచించండి. మనసులో 'అక్కడా ఇక్కడా' అనుకున్నాడు. మనం దూరంగా ఉన్నదాన్ని ముందు చెప్తాం: అదీ ఇదీ, అటూ ఇటూ. ఇంగ్లీషులో దగ్గరది ముందు: దిస్ అండ్ దట్, నౌ అండ్ దెన్. మనకి కుడి ఎడమలు, వాళ్ళకి లెఫ్ట్ అండ్ రైట్. మనం ఆలుమగలు, భార్యాభర్తలు అంటాం, వాళ్ళు హజ్బెండ్ అండ్ వైఫ్ అంటారు. పెళ్ళిపీటల మీద మాత్రం రెండు భాషలూ కలిశాయి: వధూవరులు, బ్రైడ్ అండ్ గ్రూమ్! ఇలాంటివి నోట్‌బుక్‌లో తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన రాసుకోండి, ఎక్కడ తడబడతారో మీకే కనిపిస్తుంది.

ఈ వరసకి లెక్కేమైనా ఉందా అంటే కొంత ఉంది. సంస్కృత ద్వంద్వ సమాసంలో తక్కువ అచ్చులున్న మాట ముందు రావాలని వ్యాకరణవేత్త పాణిని రెండు వేల ఏళ్ళకు పూర్వమే 'అల్పాచ్తరమ్' అని సూత్రం రాశాడు, తన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో 2.2.34. ఇప్పుడు బ్రెడ్ అండ్ బటర్, లా అండ్ ఆర్డర్, పెన్ అండ్ పేపర్ పైకి అని చూడండి. పొట్టిమాటే ముందుంది! ఇది నాకు మొదటిసారి తట్టినరోజు ఎంత సంతోషమేసిందో. ఇంగ్లీషు తిరగేయలేని జంటల మీద యాకోవ్ మాల్కియెల్ అనే భాషావేత్త 1959లో పెద్ద వ్యాసమే రాశాడు. అయితే ఈ సూత్రం అన్నిచోట్లా పనిచెయ్యదు. హజ్బెండ్ అండ్ వైఫ్‌లో పొడుగుమాటే ముందుంది, అక్కడ మగవాణ్ణి ముందు చెప్పే అలవాటు గెలిచింది.

పలికేటప్పుడు 'అండ్'ని నొక్కకండి, ఒక్క 'న్' చాలు: బ్రెడ్‌న్‌బటర్. రెండూ కలిసి ఒకే వస్తువైతే క్రియ కూడా ఏకవచనమే: బ్రెడ్ అండ్ బటర్ ఈజ్ ఎనఫ్ ఫర్ మీ. చాలా జంటల్లో 'ఎ', 'ద' కూడా రాలిపోతాయి, విత్ నైఫ్ అండ్ ఫోర్క్ అంటే సరిపోతుంది.

కొన్ని మాటలు జంటలోనే బతికున్నాయి. మన 'పిల్లా జెల్లా'లో జెల్లా ఉందా, 'మా జెల్లా బడికెళ్ళింది' అని ఎవరైనా అంటారా? టు అండ్ ఫ్రో (అటూ ఇటూ)లో 'ఫ్రో', కిత్ అండ్ కిన్‌లో 'కిత్' అలాంటివే. కిత్ అంటే ఒకప్పుడు తెలిసినవాళ్ళు, కిన్ అంటే బంధువులు, మన బంధుమిత్రులన్నమాట.

ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళు అగ్రిమెంట్ తీసి వేర్ అండ్ టేర్ అని ఉందేమో వెతకండి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల అని అర్థం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత పెడితే మాట్లాడటానికి ఆ మూడు మాటలూ పనికొస్తాయి. నల్ అండ్ వాయిడ్ కూడా కనిపించవచ్చు, రెండిటికీ అర్థం ఒక్కటే, చెల్లదని.

వచ్చే పాఠం లోపు వీటికి ఇంగ్లీషు జంటలు రాసి ఉంచండి: ఉప్పూ మిరియాలు, కప్పూ సాసరూ, ఎత్తుపల్లాలు, సూదీ దారం. ఇందులో ఒకటి పాణిని సూత్రానికి లొంగదు, అదేదో పట్టుకోండి.