రోమన్ సమాధి రాయి ఎలా చదవాలి? లాటిన్ రాకపోయినా పర్లేదు

యూరప్‌లో చాలా మ్యూజియంలలో ఈ రాళ్ళు వరసగా పెట్టి ఉంటాయి, మనం ఒక ఫోటో కొట్టేసి ముందుకెళ్ళిపోతాం, లాటిన్ ఎవడికొచ్చు అని. నేనూ చాలాకాలం అంతే. తర్వాత తెలిసిందేంటంటే వీటిమీద చాలావరకు ఉండేవి షార్ట్‌కట్లే, మన పెళ్ళి కార్డుల మీద చి.ల.సౌ. ఉన్నట్టు. ఒక పది పన్నెండు గుర్తులు తెలిస్తే వాటిని పక్కకి తీసేయొచ్చు, అప్పుడు మిగిలేదే అసలు మనిషి.

ఒక్క రాయి పట్టుకుని చూద్దాం, రెజీనా అనే ఆవిడది. ఇంగ్లాండ్ ఈశాన్య తీరంలో సౌత్ షీల్డ్స్ అనే ఊళ్ళో 1878లో దొరికింది, రెండో శతాబ్దంది, ఇప్పుడు అక్కడే అర్బెయా కోట మ్యూజియంలో ఉంది. ఊరు దాకా వెళ్ళక్కర్లేదు, బ్రిటన్ రోమన్ శాసనాల వెబ్‌సైట్‌లో నంబర్ 1065 కొడితే ఫోటోతో సహా వస్తుంది.

ఫస్ట్, చదవకండి, చూడండి. బొమ్మలో ఒకావిడ అల్లిక కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట, ఇంకోపక్క నగల పెట్టె. మొహం మాత్రం పోయింది. మీరు నేరుగా రాయి ముందే ఉంటే, మ్యూజియం వాళ్ళు ఓకే అంటే, ఫోన్ టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యండి, నీడ పడి అరిగిపోయిన అక్షరం కూడా లేస్తుంది. చేత్తో తడమడం, సుద్దముక్కతో దిద్దడం మాత్రం వద్దు.

రెండోది, పైన డి, ఎం అని రెండక్షరాలున్నాయేమో వెతకండి. ఇన్‌స్టా డీఎం కాదండీ, దీస్ మానిబుస్ అని, పోయినవాళ్ళ ఆత్మలకి అని అర్థం. మనం ఫోటో కింద కీ.శే. అని రాస్తాం చూడండి, దాదాపు ఆ పని చేస్తుంది. రెజీనా రాయి మీద కూడా మొదలు ఇదే.

తర్వాత డైరెక్ట్‌గా అంకెల మీదకి వెళ్ళిపోండి, ఎందుకంటే అవి ఈజీ. ఏ ఎన్ అనో ఏ ఎన్ ఎన్ అనో ఉంటే ఏళ్ళు, దాని తర్వాత ఎం అంటే నెలలు, డి అంటే రోజులు. నాలుగుని ఐవీ అని కాకుండా నాలుగు గీతలుగా చెక్కడం మామూలే, కంగారుపడకండి. ఇక్కడ ఎక్స్ మూడుసార్లు ఉంది, అంటే 30. కానీ ఇలాంటి రౌండ్ ఫిగర్ చూస్తే కొంచెం అనుమానించాలి, పెద్దవాళ్ళ వయసులు ఐదులకీ పదులకీ సర్దేసి రాయడం రోమన్ల దగ్గర బాగా ఎక్కువ. చిన్నపిల్లల రాళ్ళ మీద మాత్రం నెలలు, రోజులు కూడా లెక్కపెట్టి రాసినవి కనిపిస్తాయి, అవి చదివితే మనసు అదోలా అయిపోతుంది.

ఇప్పుడు పేర్లు. ఎం ఒక్కటే ఉంటే మార్కుస్, ఎల్ అంటే లూకియుస్, సీ అంటే గాయుస్ (అవును, సీకి గా, అదంతే). పేరు మధ్యలో ఎఫ్ వస్తే ఫలానా వాడి కొడుకు. అదే చోట ఎల్ వస్తే బానిసత్వం నుంచి విడుదలైన మనిషి, ముందున్న అక్షరం విడిపించిన యజమాని పేరు. సీని తిరగేసి చెక్కారంటే విడిపించింది ఒక ఆడమనిషి. మన రాయి మీద షార్ట్‌కట్ లేదు, లిబెర్తా (విడుదలైన ఆవిడ) అని పూర్తిగా రాసుంది, పక్కనే భార్య అన్న మాట కూడా. రెజీనా అంటే రాణి. ఆవిడ కతువెల్లౌని తెగ, అంటే ఇప్పటి లండన్‌కి ఉత్తరంగా ఉన్న ప్రాంతం, రాయి పెట్టినవాడు బరాతెస్, సిరియాలోని పాల్మైరా వాడు. అంటే బానిసగా ఉన్నావిడని విడిపించి పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ పోతే రాయి పెట్టించాడు.

కింద చివర్లో వచ్చేవి ఇంకొన్ని, ఇవి రెజీనాకి లేవు గానీ మిగతా చోట్ల బాగా తగులుతాయి. హెచ్ ఎస్ ఈ అంటే ఇక్కడే ఉన్నారు. ఎస్ టి టి ఎల్ అంటే నీ మీద మట్టి తేలిగ్గా ఉండుగాక. హెచ్ ఎం హెచ్ ఎన్ ఎస్ అంటే ఈ సమాధి వారసులకి చెందదు. కొన్నిటిమీద రోడ్డువైపు ఇన్ని అడుగులు, లోపలికి ఇన్ని అడుగులు అని కొలతలు కూడా, అచ్చం మనోళ్ళు ప్లాట్ రాయించుకున్నట్టే. ఊరి లోపల పూడ్చకూడదని రూల్ కాబట్టి సమాధులన్నీ ఊరి బయట రోడ్ల పక్కనే ఉండేవి, రోమ్ బయట ఆప్పియా రోడ్డు వెంబడి ఇప్పటికీ చూడొచ్చు.

లాస్ట్ స్టెప్, నాకు అన్నిటికంటే ఇష్టమైంది, ఫార్ములా కానిదేముందో చూడటం. తప్పులు కూడా ఇందులోకే వస్తాయి. రెజీనాకి అని ఉండాల్సిన చోట రెజీనాని అన్నట్టు రాసుంది, అదీ చివరి అక్షరం మింగేసి, అంటే లాటిన్ విభక్తులు సరిగ్గా కుదరలేదు. దాని కింద ఇంకో లైన్ ఉంటుంది చూడండి, అది లాటిన్ కాదు, పాల్మైరా లిపి, కుడినుంచి ఎడమకి. పైన లాటిన్ కంటే ఇదే ధీమాగా చెక్కినట్టుంటుంది. బ్రిటన్ చివర్న ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉండుంటారు చెప్పండి, అయినా రాయించాడు. రెజీనా, బరాతెస్ విడిపించిన మనిషి, అయ్యో. అంతే ఉంది. అయ్యో అన్న మాట లాటిన్ వైపు లేదు.

ప్రాక్టీస్‌కి అదే సైట్‌లో నంబర్ 1171 తీయండి, ఉత్తర ఇంగ్లాండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకి దగ్గర్లోని కార్‌బ్రిడ్జ్‌లో దొరికింది. చదివేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, సైట్‌లో టైప్ చేసి పెట్టిన శాసనంలో గుండ్రటి బ్రాకెట్‌లో ఉన్నది పండితులు షార్ట్‌కట్ విప్పి రాసింది, చతురస్రపు బ్రాకెట్‌లో ఉన్నది రాయి విరిగిపోయి ఊహించి నింపింది. పేరులో మొదటి అక్షరాలు విరిగిపోయి రాతెస్ అని మాత్రమే మిగిలింది, బా అన్నది బ్రాకెట్‌లో కనిపిస్తుంది. పాల్మైరా వాడే. జెండా మోసేవాడని కొందరు, జెండాలు అమ్మేవాడని ఇంకొందరు, రెజీనా భర్త ఇతనే అయ్యుండొచ్చని కూడా అంటారు. వయసు మాత్రం నేను చెప్పను, ఎల్ అంటే 50, ఎక్స్ అంటే 10, వీ అంటే 5, ఒక్కో గీత 1, మీరే కూడుకోండి. రౌండ్ ఫిగర్ అయితే కాదు.