సామాను లారీ ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి: ఒడిశా సరిహద్దు నుంచి ఇల్లు మారేవారికి జాగ్రత్తలు

జూన్‌లో బదిలీలు, బడులు, వానలు ఒక్కసారే మీద పడతాయి. రాయగడ, జయపురం, కోరాపుట్, పర్లాకిమిడి, బరంపురం నుంచి విశాఖకో హైదరాబాదుకో మారే తెలుగు కుటుంబాలు ప్యాకర్స్ వాళ్ల కోసం వెతికేది ఎక్కువగా అప్పుడే. ఆ తర్వాతి గండం అక్టోబరు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుఫాన్లూ ఆ నెల రెండో వారంలోనే ఈ తీరాన్ని తాకాయి. ఈ రెండు కాలాల్లోనూ బండి దొరికితే చాలనే తొందరలో ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చూసుకోం. సామాను మన గుమ్మం లోపల ఉన్నంతసేపే బేరం మన చేతిలో ఉంటుంది. లారీ ఎక్కాక అది వాళ్ల చేతిలోకి పోతుంది.

రెండు గదుల ఇల్లు అనగానే ఫోన్లోనే రేటు తేల్చేసేవాళ్లను నమ్మకండి. మనిషి వచ్చి చూడాలి, లేదా వీడియో కాల్‌లో ప్రతి గదీ చూపించాలి. జాబితాలో మంచం, బీరువా, ఫ్రిజ్ ఎలాగూ రాస్తారు. మిగిలిపోయేవి అటక మీద ఇత్తడి సామాను, రుబ్బురోలు, పూలకుండీలు, బాల్కనీలో సైకిల్. లోడింగ్ రోజున సూపర్‌వైజర్ ‘ఇవి లిస్టులో లేవు సార్, పెద్ద బండి కావాలి’ అనేది వీటి గురించే. బండి సరిపోతుందో లేదో మీరే లెక్కేసుకోవచ్చు. 14 అడుగుల లారీ తొట్టి 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉంటే 504 ఘనపుటడుగులు. సందులు పోగా 400 మించి పట్టదనుకోండి. ఒక్కో వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి కూడితే మీ అంకె వస్తుంది. రెండడుగుల చదరంలో ఐదున్నర అడుగులున్న ఫ్రిజ్ ఒక్కటే 22.

కొటేషన్ ఒకే మొత్తంగా ఇస్తే తీసుకోకండి. ప్యాకింగ్, ఎక్కింపు, బాడిగ, దింపుడు, మంచం లాంటివి విప్పి బిగించడం, టోల్, జీఎస్‌టీ విడివిడిగా ఉండాలి. రెండు చివర్లా ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, లారీ ఆగే చోటు నుంచి గుమ్మానికి ఎంత దూరం అన్నవి అందులో రాయించండి. వీధిలోకి పెద్ద బండి రాకపోతే చిన్న బండిలోకి మార్చే ఖర్చు ఎవరిదో కూడా. కళాసీల గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఎక్కించే జట్టు ఒకటి, అవతల దింపే జట్టు వేరు. ‘దింపుడు కూలి మాకేమీ ముట్టలేదు’ అని రెండో జట్టు చేయి చాపుతుంది. దింపుడు కూలి కలిపే ఉందని కొటేషన్‌లో ఒక వాక్యం ఉంటే మాట అక్కడితో ఆగుతుంది.

సరిహద్దు దాటే బళ్లకు ‘చెక్‌పోస్టు ట్యాక్స్’, ‘ఎంట్రీ ట్యాక్స్’, ‘ఈ-వే బిల్లు ఖర్చు’ అని ఒక గీత తగిలిస్తారు. జీఎస్‌టీ వచ్చిన 2017 జులై నుంచి ఆంధ్రా, ఒడిశా మధ్య సరుకు మీద అలాంటి పన్ను లేదు. ఈ-వే బిల్లు అంటే సరుకు తరలించడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం; వాడిన ఇంటి సామానుకు దాని నుంచి మినహాయింపు ఉంది. ‘ఇవి వాడిన సొంత సామాన్లు, అమ్మకానికి కావు’ అని రాసి సంతకం చేసిన కాగితం, వస్తువుల జాబితా, ఆధార్ నకలు డ్రైవర్‌కు ఇస్తే చాలు. సీల్ విప్పని కొత్త టీవీ ఉంటే దాని బిల్లు కూడా పెట్టండి. లారీ పర్మిట్ మాత్రం బండి యజమాని గొడవ. ఒడిశాలోనే తిరిగే పర్మిట్‌తో వచ్చిన లారీని ఆంధ్రాలో ఆపితే ఆ జరిమానా మీ బిల్లులోకి రాకూడదు. నేషనల్ పర్మిట్ ఉందా అని ముందే అడగండి.

జీఎస్‌టీ విషయానికొస్తే, ప్యాకింగ్ నుంచి దింపుడు దాకా కలిపి చేసే పనికి మామూలుగా 18 శాతం వేస్తారు. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అనే మాట వినసొంపుగానే ఉంటుంది. బిల్లు లేకపోతే రేపు నష్టం అడగడానికి మీ చేతిలో ఆధారం ఏదీ మిగలదు. జీఎస్‌టీ నంబర్‌ను ప్రభుత్వ పోర్టల్‌లో వెతికి పేరు, చిరునామా సరిచూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రం గుర్తు: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. రాయగడలోనే ఆఫీసు అని చెప్పినవాళ్ల నంబర్ 29తో మొదలైతే అది కర్ణాటక రిజిస్ట్రేషన్. అది మోసమే అనలేం గానీ, ఇక్కడి ఆఫీసు ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. పేరున్న కంపెనీ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపేవాళ్లూ ఉన్నారు. అడ్వాన్సు కంపెనీ ఖాతాకే వేయండి, ఎవరి సొంత ఫోన్ నంబర్‌కో కాదు. ఎంత అడిగినా కనీసం నాలుగో వంతు దింపాక ఇచ్చేలా ఒప్పుకోండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది బిల్టీ, అంటే లారీ రసీదు. దాని మీద ఓ మూల ‘ఓనర్స్ రిస్క్’ అని ముద్ర గానీ టిక్కు గానీ ఉంటుంది. పగిలినా తడిసినా బాధ్యత మీదే అని చెప్పడానికి పెట్టేది అది. ‘క్యారియర్స్ రిస్క్’, అంటే బాధ్యత రవాణాదారుదే అని మార్పించండి. పక్కనే ‘ఎఫ్‌ఓవీ’ (ఫ్రైట్ ఆన్ వాల్యూ) అని ప్రకటించిన విలువ మీద ఇంత శాతం వసూలు చేసే గడి ఉంటుంది. దాన్ని ఇన్సూరెన్స్ అని చెప్పి వసూలు చేసేవాళ్లున్నారు. అది ట్రాన్స్‌పోర్టు వాళ్ల సొంత రుసుము. బీమా కంపెనీ పేరుతో పాలసీ నంబర్, మీ పేరు ఉన్న సర్టిఫికెట్ చేతికొస్తేనే ఇన్సూరెన్స్.

రోడ్డు రవాణా చట్టం (క్యారేజ్ బై రోడ్ యాక్ట్) 2007, దాని 2011 నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించకపోతే రవాణాదారు బాధ్యత బాడిగకు పది రెట్ల దగ్గర ఆగుతుంది. బాడిగ 12,000 అయితే 1,20,000. అది కూడా మీరు రాసిన విలువ దాటదు. కాబట్టి రుసుము తగ్గుతుందని 4 లక్షల సామానును 50 వేలని రాయించడం అనవసరపు పొదుపు. బీమాలోనూ ఇదే తిరకాసు. 4 లక్షల సామానుకు 2 లక్షలకే పాలసీ తీసుకుంటే, 40,000 నష్టానికి చేతికొచ్చేది 20,000. పాలసీలో ఏ, బీ, సీ క్లాజుల్లో (షరతుల్లో) ఏది ఉందో చూడండి. ‘ఏ’ అన్ని రకాల ప్రమాదాలకూ వర్తిస్తుంది, ‘బీ’ నిప్పు, పిడుగు, ఢీకొనడం, బోల్తా పడటం లాంటి వాటికే, ‘సీ’ నిప్పు, పిడుగులకే. వానాకాలంలో బీ, సీ దండగ. ‘ఏ’ క్లాజు తీసుకున్నా సరే, సరిగా కట్టని అట్టపెట్టెలో పగిలినదానికీ, పైకి దెబ్బ లేకుండా లోపల చెడిపోయిన టీవీకీ సాధారణంగా డబ్బు రాదు. మీరు సొంతంగా కట్టిన పెట్టెల మీద ‘పార్టీ ప్యాకింగ్’, అంటే కట్టింది మీరేనని రాస్తారు. గాజు సామాను, ఎలక్ట్రానిక్స్ వాళ్ల చేతే కట్టించండి.

పార్ట్ లోడ్‌లో మీ సామాను వేరొకరి సరుకుతో పోతుంది, గోడౌన్‌లో దిగి మరో లారీ ఎక్కుతుంది. చౌకే, కానీ దెబ్బలు తగిలేవి ఆ దింపుడు ఎక్కింపుల్లోనే. వానల్లో దీని జోలికి పోకపోవడం మేలు. మొత్తం బండి మీదే అయితే ‘దారిలో బండి మార్చరాదు’ అని రాయించుకోండి.

కోరాపుట్ నుంచి సాలూరు వైపు దిగే ఘాట్ మీద కొండచరియ విరిగితే లారీ గంటల కొద్దీ నిలబడుతుంది. బండి నిలిచిపోయినందుకు వేసే హాల్టింగ్ చార్జీ రోజుకెంత, దారి మూసుకుపోతే అది ఎవరిది అన్నది ముందే రాసుకోవాలి. పైన టార్పాలిన్ కట్టే బండి కంటే మూసిన కంటైనర్ బాడీ మంచిది. తప్పనిసరై టార్పాలిన్ బండే అయితే రెండు పొరలు వేయించండి. తొట్టి నేలలోంచి నీరు చిమ్ముతుంది గనక కింద చెక్కలు పరచి, వాటిపై సామాను పెట్టించండి. బీరువా క్యాబిన్ గోడకు ఆనించి, ఖాళీగా, తలుపు తాళం వేసి, పక్క కొక్కేలకు తాడుతో బిగించాలి. మలుపుల్లో బరువు జారితే నలిగేది దాని వెనకున్న ఫ్రిజ్.

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి ఆరబెట్టండి, నిలువుగానే తీసుకెళ్లండి, దింపాక కనీసం నాలుగైదు గంటలు ఆగి ఆన్ చేయండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడిచ్చిన బోల్టులు బిగించకపోతే డ్రమ్ము ఊగి పాడవుతుంది. ఏసీ విప్పేముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగాలి. ఈ పని, ఏసీని మళ్లీ బిగించే పని మామూలుగా కొటేషన్‌లో ఉండవు, మెకానిక్‌కు వేరే ఇవ్వాల్సిందే. గ్యాస్ సిలిండర్ లారీ ఎక్కించకండి, ఏజెన్సీలో అప్పగించి, అప్పగించినట్టు ఇచ్చే టెర్మినేషన్ వోచర్ తీసుకోండి. స్కూటర్‌లో పెట్రోల్ తీసేయాలి. బంగారం, సర్టిఫికెట్లు మీ చేతి సంచిలోనే.

దించేటప్పుడు జాబితా చేత్తో పట్టుకుని ఒక్కో నంబర్ కొట్టేయండి. పగిలినది, తడిసినది, రానిది ఏదైనా సరే, సంతకం పెట్టే రసీదు నకలు మీదే రాయండి: ‘7వ పెట్టె తడిసింది, 12 రాలేదు.’ డ్రైవర్ ఎంత తొందర పెట్టినా ఇది రాయకుండా సంతకం వద్దు. పెట్టె విప్పుతూ ఫోటోలు తీయండి. బీమా ఉంటే అదే రోజు కంపెనీకి చెప్పి, వాళ్లు పంపే సర్వేయర్ నష్టాన్ని చూసేదాకా ముక్కలు పారేయకండి. రవాణాదారుకు నష్టం గురించి లిఖిత నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా అందాలి. అది ఇవ్వకపోతే రోడ్డు రవాణా చట్టం కింద కోర్టుకు వెళ్లడం కుదరదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇంకా పదివేలిస్తేనే దింపుతామని రోడ్డు మీదే బండి ఆపేవాళ్లు ఎదురైతే 112కు ఫోన్ చేసి, బిల్టీ, కొటేషన్ చూపించండి. అప్పగించిన సామానును రవాణాదారు కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(3) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఈ సెక్షన్ నంబర్ పలికితే చాలాసార్లు దింపుడు మొదలవుతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రసీదు వెనక ఏ నగరం కోర్టు పేరు అచ్చువేసినా బెదరకండి. 2019 వినియోగదారుల చట్టం కింద మీరు కాపురమున్న జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు.