ఫైళ్లు పంపే స్క్రిప్టు మీద చెయ్యి వేసే ముందు

ఆదోని పత్తి గోదాములో తూకం లెక్కల ఫైళ్లు రాత్రి 11కి కర్నూలు ఆఫీసుకు వాటంతటవే రావాలి. ఒకరోజు వస్తాయి, ఒకరోజు సగమే వస్తాయి. వాటిని పంపే స్క్రిప్టును (కంప్యూటరు వరసగా చేయాల్సిన ఆదేశాల ఫైలు) దిద్దే ముందు ఇవి చూసుకోండి.

• క్రాన్‌లో (చెప్పిన టైముకు పనులు నడిపే షెడ్యూలరు) ఈ స్క్రిప్టు లైను ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి ఆపండి. బాష్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రాము) దాన్ని కొంచెం కొంచెంగా చదువుతూ నడుపుతుంది. నడుస్తుండగా దిద్దితే ఎటు పోతుందో చెప్పలేం.

• స్క్రిప్టుకు, రెండు వైపులా ఫోల్డర్లకు కాపీ తీయండి.

• ఆర్‌సింక్‌లో (ఫైళ్లను అవతలికి కాపీ చేసే కమాండు) డిలీట్ ఆప్షన్ (ఇవతల లేనివాటిని అవతల చెరిపేది) ఉందా? ఉంటే ముందు డ్రై రన్ (నిజంగా ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపించేది) చేయాల్సిందే. ఇవతల డ్రైవ్ మౌంట్ కాక (సిస్టమ్‌కు కలవక) ఫోల్డరు ఖాళీగా ఉంటే, అవతల ఉన్నదంతా ఊడ్చేస్తుంది. నేనొకసారి ఊడ్చాను. మూడు రోజుల లెక్కలు తూకం చీటీలు చూసి మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

• ఆర్‌సింక్ ఎగ్జిట్ కోడ్‌ను (పని ముగిశాక అది ఇచ్చే ఫలితం నంబరు) లాగ్‌లో రాయించండి. 0 వస్తే సరే. 23 వస్తే కొన్ని వెళ్లలేదని, 24 వస్తే పంపేలోపే ఫైలు మాయమైందని. లాగ్ కోసం టీ (tee) కమాండుకు, అంటే వచ్చినదాన్ని తెర మీదా ఫైల్లోనూ రాసేదానికి, పైపు (|) కలిపి ఉంటే మీకు కనబడే 0 టీది, ఆర్‌సింక్‌ది కాదు! పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండు విఫలమైనా ఆ కోడ్ చూపించే బాష్ సెట్టింగు) పెట్టండి.

• చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో మొరాయిస్తే పాత్ వేరియబుల్ (కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది), ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు అవతలి మెషీన్లోకి వెళ్లే తాళం ఫైలు) చూడండి.

• తూకం సాఫ్ట్‌వేర్ ఇంకా రాస్తుండగానే ఫైలు పంపుతున్నారేమో. ఊరికే నెట్‌ను తిడతాం గానీ, ఫైళ్లు సగమే రావడానికి నేను చూసినంతలో ఇదే కారణం. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టించండి.

• రౌటరుకు యూపీఎస్ ఉందా?