ఆపాల్సినవి ఆపుతూ, కావాల్సినవి నడుపుకుంటూ: పదిమందితో మొదలుపెట్టేవాళ్లకు

వాతావరణం గురించి బాధపడేవాళ్లు ఒకచోట, ధరలు, అప్పులు, ఉద్యోగాల గురించి బాధపడేవాళ్లు ఇంకోచోట విడివిడిగా మీటింగులు పెట్టుకుంటుంటే నాకు చిరాకేస్తుంది. ఆ రెండు కష్టాలూ వచ్చేది ఒకే ఇంటికి. వేడి పెరిగితే పంట దెబ్బతింటుంది, తిండి ధర పెరుగుతుంది, ఎండలో పనిచేసేవాళ్లకు పని దొరికే రోజులు తగ్గుతాయి, దాంతో అప్పు చేయాల్సి వస్తుంది, ఆ అప్పు తీర్చడానికి ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లాలి, అది బొగ్గు తవ్వే పనైనా సరే. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే 1.5 డిగ్రీలకు పైగా ఎక్కువ నమోదైంది. ఒక క్యాలెండర్ సంవత్సరం మొత్తానికి అలా జరగడం అదే మొదటిసారి. సరే, ఇప్పుడు ఏం చేయాలి అని అడిగేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

చేయాల్సిన పని నా లెక్కలో రెండు రకాలు. జరగబోయే నష్టానికి అడ్డుపడటం మొదటిది: కొత్త బొగ్గు ప్లాంటుకి అనుమతి, అడవి నరికివేత, సామాన్యుడికి అందే ప్రభుత్వ సాయంలో కోతలు. మనకు కావాల్సినవాటిని మనమే కలిసి నడుపుకోవడం రెండోది: సహకార సంఘం, ఉమ్మడి సోలార్, పొదుపు సంఘం, ఉమ్మడి కొనుగోళ్లు. చాలామంది ఒకటి పట్టుకుని రెండోదాన్ని చిన్నచూపు చూస్తారు. ఎప్పుడూ అడ్డుపడటమే పనిగా పెట్టుకున్న గుంపు కొన్నాళ్లకి అలసిపోతుంది, ఎందుకంటే ఆ పని వల్ల సభ్యుల ఇంట్లో ఏమీ మారదు. ఎప్పుడూ నడుపుకోవడమే పనిగా పెట్టుకున్న గుంపుని, పలుకుబడి ఉన్న కంపెనీ ఒక్క నిబంధన మార్పించి మూయించగలదు. అందుకే ఒకే సంఘం రెండు పనులూ చేయాలంటాను.

ఈలోగా ఎవరో వచ్చి ముందు మీరు ప్లాస్టిక్ వాడటం మానేశారా, విమానం ఎక్కడం మానేశారా అని అడుగుతారు. మానేయగలిగితే మానేయండి, మంచిదే. కానీ ఎవరి కర్బన పాదముద్ర (అంటే మన వాడకం వల్ల గాలిలోకి ఎంత కార్బన్ వెళ్తుందో ఆ లెక్క) వాళ్లు లెక్కేసుకోవడం అనే అలవాటుకి పెద్ద ఎత్తున ప్రచారం చేసి, 2004 ప్రాంతంలో దానికోసం ఆన్‌లైన్ కాలిక్యులేటర్ కూడా పెట్టింది బీపీ అనే చమురు కంపెనీ అని గుర్తుంచుకోండి. మీ ఇంటి చెత్తబుట్ట చూసుకుని సిగ్గుపడుతూ కూర్చుంటే చమురు కంపెనీలకి హాయి.

ముందు మనుషులు

పోస్టరు వేసి, ఎవరొస్తారా అని ఎదురుచూడకండి. మీకు తెలిసినవాళ్లతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడండి. వాతావరణ మార్పు మీద మీ అభిప్రాయమేంటి అని అడిగితే ఎవరైనా బట్టీపట్టిన పాఠమే చెప్తారు. ఈ ఏడాది దేనికి ఎక్కువ ఖర్చయింది, ఎండలకి ఇంట్లో ఎవరికి ఇబ్బందైంది, దేని గురించి టెన్షన్ పడి నిద్రపట్టడం లేదు అని అడగండి. మాట్లాడేది వాళ్లు, మీరు వినాలి. ఇలా చాలామందితో మాట్లాడితే అందులో ఒకటి రెండు సమస్యలు మళ్లీ మళ్లీ వస్తాయి. మీ మొదటి పని అక్కడే ఉంది. ఇలా మాట్లాడినవాళ్లలో ఎనిమిది పదిమంది గట్టిగా నిలబడితే చాలు, మొదలుపెట్టొచ్చు.

వాట్సాప్ గ్రూపు పెట్టినంత మాత్రాన సంఘం అయిపోదు. ఒకే రోజు, ఒకే సమయం, ఒకే చోటు పెట్టుకుని కలవండి. ప్రతి మీటింగు చివర ఎవరు, ఏం పని, ఏ తేదీలోపు చేస్తారో రాసి అందరికీ పంపండి, వచ్చే మీటింగు ఆ కాగితం చదవడంతో మొదలవ్వాలి. చప్పగా అనిపిస్తుంది కానీ సంఘాలు ఎక్కువగా కూలేది సిద్ధాంత విభేదాల వల్ల అనుకుంటే పొరపాటు, చేస్తానన్నవాళ్లు చేయలేదు, ఎవరూ అడగలేదు, అక్కడితో ఆగిపోయింది, అంతే. ఇంకోటి, మీటింగు సమయం పెట్టేటప్పుడు చిన్నపిల్లలున్న ఆడవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు రాగలరా అని ముందే చూసుకోండి. వాళ్లు రాలేకపోతే తీరిక ఉన్నవాళ్లే నిర్ణయాలు తీసుకుంటారు, ఆ నిర్ణయాలు వాళ్లకి తగ్గట్టే ఉంటాయి.

అడ్డుపడేటప్పుడు

పెట్టుబడిదారీ వ్యవస్థ నశించాలి అని నినాదం ఇవ్వొచ్చు, దానికి సంతకం పెట్టే అధికారి మాత్రం ఎవరూ ఉండరు. మీ డిమాండుకి మూడు ప్రశ్నలు వేసి చూడండి: దీనికి సరే అనగలిగే మనిషి ఎవరు, ఆ నిర్ణయం ఏ తేదీలోపు జరుగుతుంది, ఆ మనిషి ఎవరి మాట వింటారు? మూడింటికీ జవాబు దొరికితే ప్రచారం మొదలుపెట్టొచ్చు. దొరక్కపోతే డిమాండుని ఇంకా చిన్నది చేయండి. ఒక ప్లాంటు అనుమతి, ఒక బ్యాంకు ఇచ్చే ఒక రుణం, మీ పెన్షన్ నిధి పెట్టుబడి పెట్టిన ఒక బొగ్గు కంపెనీ, ఇలా.

ఒత్తిడిని మెట్టుమెట్టుగా పెంచాలి. ముందు కాగితాలు సంపాదించండి, సమాచార హక్కు చట్టం ఉన్న చోట అదే మొదటి మెట్టు. తర్వాత వినతిపత్రం, ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడటం, ధర్నా, బహిష్కరణ, కోర్టు. కోర్టుని తక్కువ అంచనా వేయొద్దు. నెదర్లాండ్స్‌లో ఉర్గెండా అనే సంస్థ దాదాపు 900 మంది పౌరులతో కలిసి సొంత ప్రభుత్వం మీదే కేసు వేసింది. 2020 చివరికల్లా వేడిని పెంచే వాయువుల ఉద్గారాలను 1990 స్థాయి కంటే కనీసం 25 శాతం తగ్గించాలని 2015లో కింది కోర్టు ఆదేశించింది, 2019 డిసెంబరులో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. అయితే కేసు ఆరేళ్లు నడిచింది, ఆ ఆరేళ్లూ బయట జనం కదలకపోతే లాయర్లు ఒంటరైపోతారు.

హింస జోలికి పోవద్దు, నీతి సంగతి అలా ఉంచితే లెక్క కూడా అదే చెప్తోంది. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు జరిగిన పెద్ద ఉద్యమాలను పోల్చి చూస్తే, అహింసాయుత ఉద్యమాలు సాయుధ ఉద్యమాల కంటే దాదాపు రెట్టింపు సార్లు గెలిచాయి. (అవి ఎక్కువగా ప్రభుత్వాలను దించడానికి, విదేశీ పాలనను వదిలించుకోవడానికి జరిగినవి, కాబట్టి ఆ అంకెల్ని తెచ్చి మన వీధి ప్రచారానికి అతికించకండి.) బయటికెళ్లే ముందు మీ చోట చట్టం ఏం అంటుందో ఒక లాయర్‌ని అడగండి, ఆ లాయర్ ఫోన్ నంబరు అందరి జేబులో కాగితం మీద ఉండాలి, ఎందుకంటే ఫోన్లు లాక్కుంటారు. అరెస్టయితే ఉద్యోగమో, వీసానో పోయేవాళ్లను ముందు వరసలో నిలబెట్టొద్దు. వాళ్లకి వేరే పని బోలెడు ఉంటుంది.

నడుపుకునేటప్పుడు

అవసరంతో మొదలుపెట్టండి, ఆదర్శంతో కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువగా నేతపనివాళ్లూ చేతిపనులవాళ్లూ, కలిసి ఒక దుకాణం తెరిచారు. వాళ్ల మనసులో కొత్త సమాజం గురించి పెద్ద పెద్ద ఊహలే ఉన్నాయి, కానీ మొదటిరోజు అమ్మింది పిండి, వెన్న, పంచదార లాంటివే. కల్తీ లేని సరుకు, సరైన తూకం, మనిషికి ఒక ఓటు, మిగిలిన లాభం ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి పంచుకోవడం. ప్రపంచంలో సహకార సంఘాలు చాలావరకు ఇప్పటికీ అనుసరించే సూత్రాలకు మూలం అక్కడే ఉంది.

పైసా పెట్టుబడి లేకుండా మొదలయ్యేవి కొన్ని ఉన్నాయి, పనిముట్లు పంచుకోవడం, పాడైన వస్తువులు కలిసి బాగుచేసుకోవడం, టోకున కొని పంచుకోవడం. ఇవి చేస్తూ చేస్తూ ఒకరి మీద ఒకరికి నమ్మకం వచ్చాక పొదుపు సంఘం పెట్టండి, ఇంధనం, ఇళ్లు లాంటి పెద్ద డబ్బు పనులు ఆ తర్వాత. పెద్ద పనులూ అసాధ్యమేం కాదు. కోపెన్‌హేగెన్ తీరంలో సముద్రంలో నిలబడ్డ మిడెల్‌గ్రుండెన్ పవన విద్యుత్ కేంద్రంలో 20 టర్బైన్లున్నాయి, 2000లో మొదలైనప్పుడు అందులో సగం 8,000 మందికి పైగా సభ్యులున్న ఒక సహకార సంఘానిది.

నియమాల విషయంలో ఎలినోర్ ఆస్ట్రమ్ పని పనికొస్తుంది. చెరువులు, పచ్చిక బయళ్లు, సాగునీటి కాలువలు వందల ఏళ్లుగా ఉమ్మడిగా నడుపుకున్న జనాన్ని ఆమె పరిశీలించారు, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. ఆమె చెప్పినదాన్ని మన మాటల్లో పెడితే: ఎవరు సభ్యులో, ఎవరు కారో స్పష్టంగా ఉండాలి. నియమాలు పాటించేవాళ్లే వాటిని తయారుచేయాలి, మార్చే హక్కూ వాళ్లదే. చూసేవాళ్లు, అంటే కాపలా, సభ్యుల్లోంచే ఉండాలి. తప్పు చేస్తే మొదటిసారి చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది. గొడవ వస్తే తీర్చుకోవడానికి ఖర్చులేని, దగ్గరి చోటు ఉండాలి. ఇందులో చాలామంది మర్చిపోయేది ఆ చిన్న శిక్ష సంగతి. మొదటి తప్పుకే గెంటేస్తే సంఘం చీలిపోతుంది, ఏమీ అనకపోతే నిజాయితీగా ఉన్నవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోతారు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. సంతకాలు ఇద్దరివి, లెక్క నెలనెలా అందరి ముందు, కోశాధికారి మీ సొంత అన్నయ్య అయినా సరే. అర్జెంటీనాలో 1995లో మొదలైన వస్తుమార్పిడి క్లబ్బులు 2001 సంక్షోభం తర్వాత లక్షలమందికి పెరిగాయి, జనం చేతిలో అసలు డబ్బు లేనప్పుడు ఆ క్లబ్బుల సొంత నోట్లతోనే కూరగాయలు, బట్టలు కొనుక్కున్నారు. తర్వాత నోట్లు అదుపు లేకుండా అచ్చేయడం, దొంగనోట్లు రావడంతో కొద్దికాలంలోనే చాలా క్లబ్బులు కుప్పకూలాయి. అవసరం నిజమే, జనం మంచివాళ్లే, లెక్క లేదు.

రెండూ కలిస్తే ఎలా ఉంటుంది

జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో షోనౌ అనే చిన్న పట్టణం ఉంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి కొందరు తల్లిదండ్రులు అణు విద్యుత్ వద్దని ఒక బృందంగా ఏర్పడ్డారు. మొదట చేసింది కరెంటు పొదుపు పోటీలు, అంటే ఎవరైనా చేయగలిగిన పని. తర్వాత కరెంటు కంపెనీ దగ్గరికెళ్లి పొదుపుని ప్రోత్సహించేలా టారిఫ్ మార్చమని అడిగారు. కంపెనీ కాదంది. అక్కడితో చాలామంది ఆగిపోతారు, లేదా గేటు ముందు ధర్నా చేస్తారు. వీళ్లు, అయితే గ్రిడ్ (ఇళ్లకి కరెంటు చేర్చే తీగల వ్యవస్థ) మేమే కొంటాం అన్నారు! పట్టణ మండలి కంపెనీ వైపే మొగ్గితే 1991లో ప్రజల ఓటింగు పెట్టించి గెలిచారు, తర్వాత సొంత విద్యుత్ సంస్థ పెట్టుకున్నారు, అవతలివాళ్లు 1996లో మళ్లీ ఓటింగు పెట్టిస్తే కొద్ది తేడాతో మళ్లీ గెలిచారు. కంపెనీ గ్రిడ్‌కి విపరీతమైన ధర చెప్తే దేశమంతా తిరిగి విరాళాలు పోగేశారు. 1997లో గ్రిడ్ చేతికొచ్చింది. పదకొండేళ్లు పట్టింది. ఇక్కడ ఓటింగు ప్రచారమేమో అడ్డుపడటం, విద్యుత్ సంస్థ పెట్టడమేమో నడుపుకోవడం, ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలైందో గీత గీయడం కష్టం.

వాతావరణంతో సంబంధం లేకపోయినా మోంట్‌గోమరీ బస్సు బహిష్కరణ గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని మోంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబరులో నల్లజాతి ప్రజలు, బస్సుల్లో జాతి వివక్షకి నిరసనగా, సిటీ బస్సులు ఎక్కడం మానేశారు, 381 రోజులు ఎక్కలేదు. అన్ని రోజులు పనికి ఎలా వెళ్లారనేది చాలామంది అడగరు. వందల కార్లతో సొంత రవాణా నడిపారు, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, సమయాలు పెట్టుకుని, పెట్రోలుకి చందాలు వేసుకుని. వ్యతిరేకులు కార్లకి బీమా రద్దు చేయిస్తే లండన్‌లోని లాయిడ్స్ దగ్గర బీమా తెచ్చుకున్నారు. మీరు దేన్నైనా బహిష్కరించమని పిలుపిచ్చే ముందు అది లేకుండా జనం రేపు పొద్దున ఎలా బతుకుతారో ఏర్పాటు చేసి ఉంచాలి, లేకపోతే పిలుపివ్వకండి.

కొన్నాళ్లు నడిచాక

మొదట్లో వచ్చే ఊపు తగ్గుతుంది, అప్పుడు భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడుతుంది. బాధ్యతలు ఏడాదికోసారి మారాలని ముందే రాసుకోండి, పాతవాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పించాకే దిగిపోవాలి. ఒంటరిగా పెరగడం కంటే పక్క సంఘాలతో చేతులు కలపడం మంచిది. స్పెయిన్‌లో 1956లో మొదలైన మోండ్రాగన్ అనే సహకార సంఘాల కూటమిలో అతి పాతది, ఇంటి ఉపకరణాలు చేసే ఫాగోర్, 2013లో దివాలా తీసింది. అయినా అందులో పనిచేసిన చాలామందికి అదే కూటమిలోని మిగతా సంఘాలు పని చూపించాయి. విడిగా ఉన్న సంఘానికి ఆ ఆసరా ఉండదు.

నిధులిస్తామని వచ్చేవాళ్లను వద్దనక్కర్లేదు, కానీ ఒక్క దాత వెళ్లిపోతే మీరు మూతపడే స్థితి ఉండకూడదు. సభ్యుల చందా ఎంత చిన్నదైనా అద్దె, ఫోన్లు, ప్రింటింగు లాంటి మామూలు ఖర్చులకి అదే సరిపోయేలా చూసుకోండి. చివరగా సంఘం నియమావళిలో ఒక పేరా మర్చిపోవద్దు: సంఘం మూసేయాల్సి వస్తే మిగిలిన డబ్బు, సామాను ఎవరికి వెళ్తాయి. సభ్యులు పంచుకోవడం కుదరదు, ఇలాంటి పనే చేస్తున్న ఇంకో సంఘానికి వెళ్తాయి అని మొదటి నెలలోనే, ఖాతాలో ఇంకా ఏమీ లేనప్పుడే రాసేయండి. ఆస్తి పెరిగాక ఆ పేరా మీద ఏకాభిప్రాయం రావడం చాలా కష్టం.