టూరింగ్ బైక్‌కి ఇంట్లో చేసుకునే పనులు: బరువు ఎక్కాక ఎలా ఉంటుందో చూసి బిగించండి

బైక్‌ని ఖాళీగా స్టాండ్ మీద నిలబెట్టి అన్నీ సరిచూసుకుని బయల్దేరితే దారిలో తేడా కొడుతుంది. పక్క పెట్టెలు, టాప్ బాక్సు, వెనక ఒక మనిషి ఎక్కేసరికి వెనక భాగం కుంగుతుంది. దాంతో చైన్ బిగుతు, హెడ్‌లైట్ ఎత్తు, బ్రేకుల మీద పడే వేడి మూడూ మారిపోతాయి. అందుకే పని వెనక షాక్ నుంచి మొదలుపెట్టాలి.

వెనక చక్రం గాల్లోకి లేచేలా నిలబెట్టి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి దానికి నేరుగా పైన తోకభాగంలో ఒక గుర్తు వరకు టేపుతో కొలవండి. తర్వాత సామాను కట్టి, ఇద్దరూ కూర్చుని, ఇంకొకరి చేత మళ్లీ కొలిపించండి. ఈ రెండింటి తేడా వెనక చక్రం మొత్తం ట్రావెల్‌లో (పైకీ కిందికీ కదలగలిగే దూరంలో) మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. అంతకన్నా ఎక్కువ కుంగితే ప్రీలోడ్ (షాక్ స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే బిగుతు) పెంచండి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మాన్యువల్‌లో ఒంటరి ప్రయాణానికి ఒక అంకె, బరువుకి ఒక అంకె ఉంటాయి. రెండోది పట్టించుకోండి.

చైన్

చైన్ లూజుగా ఉంటే చప్పుడు చేసి చెబుతుంది. టైటుగా ఉంటే ఏమీ చెప్పకుండా బేరింగుల్ని తినేస్తుంది. అందుకే మాకు టైటు చైన్ అంటేనే ఎక్కువ భయం. ముందు స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మధ్య, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) తిరిగే పివట్, వెనక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగుసుకుంటుంది. ఖాళీ బైక్‌లో యాక్సిల్ ఆ గీతకి కింద ఉంటుంది, బరువు పడేకొద్దీ పైకి వస్తుంది. స్టాండ్ మీద సరిపోయిందనుకున్న చైన్, ఇద్దరు ఎక్కి గుంతలో పడేసరికి తీగలా బిగుసుకుని గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని లాగేస్తుంది.

కొలత ఇలా: గేరు న్యూట్రల్‌లో పెట్టి, చైన్ కింది వరస మధ్యలో స్కేలు ఆనించి, చైన్‌ని వేలితో కిందికి లాగి, పైకి నెట్టి, ఆ మొత్తం ఆటని చదవండి. రోడ్డు బైకులకి సాధారణంగా 20-30 మి.మీ., ఎత్తైన అడ్వెంచర్ బైకులకి 30-40 మి.మీ. ఉంటుంది. స్వింగ్ ఆర్మ్ స్టిక్కర్ మీద మీ బైక్ అంకె, ఏ స్టాండ్ మీద కొలవాలో రెండూ రాసి ఉంటే అదే పాటించండి. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. చైన్ అంతటా ఒకేలా సాగదు, కాబట్టి అన్నిటికన్నా టైటుగా ఉన్న చోటే లెక్క. టైటు చోటికీ లూజు చోటికీ తేడా మరీ ఎక్కువగా ఉంటే సర్దుబాటుతో లాభం లేదు, చైన్ అయిపోయినట్టే.

యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కల అడ్జస్టర్లనీ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. స్వింగ్ ఆర్మ్ మీది గీతల్ని గుడ్డిగా నమ్మొద్దు. పివట్ మధ్య నుంచి యాక్సిల్ మధ్య వరకు రెండు వైపులా టేపుతో కొలిస్తే చక్రం నేరుగా ఉందో లేదో తేలిపోతుంది. నట్టు బిగించేటప్పుడు యాక్సిల్ కాస్త జరిగి స్లాక్ (చైన్ ఆట) మారుతుంది. కింది వరసకీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డ మడిచి పెట్టి, చక్రాన్ని చేత్తో కొంచెం ముందుకి తిప్పి పట్టుకుంటే యాక్సిల్ అడ్జస్టర్లకి గట్టిగా ఆనుతుంది. అలా ఉంచి టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించి, గుడ్డ తీసి, మళ్లీ కొలవండి. చివరగా బైక్ మీద ఇద్దర్ని కూర్చోబెట్టి చైన్ పట్టుకు చూడండి. అప్పుడు కూడా అది కొంచెం ఆడాలి.

శుభ్రం చేయడానికి కిరోసిన్, మెత్తటి బ్రష్షు చాలు. పెట్రోలు, ఇనప బ్రష్షు వాడితే ఓ-రింగులు (చైన్ లింకుల మధ్య రబ్బరు సీళ్లు) పాడై లోపలి గ్రీజు బయటికి వస్తుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజన్ ఆన్ చేసి ఫస్ట్ గేరులో తిప్పుతూ తుడిచేవాళ్ల వేళ్లు స్ప్రాకెట్‌లో పడి తెగిపోతాయి. ల్యూబ్ కింది వరస లోపలి వైపు కొట్టి అరగంటైనా ఆగితే చక్రం మీద చిమ్మదు. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వెనక్కి లాగినప్పుడు సగం పన్ను కన్నా ఎక్కువ బయటపడితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చండి.

బ్రేక్ ఆయిల్

చాలా బైకుల్లో వాడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హామీ 155కి పడిపోతుంది. నిండు బరువుతో పొడవాటి దిగుడు దిగేటప్పుడు క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) వేడెక్కి ఆయిల్ మరిగితే ఆవిరి పుట్టి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్లకోసారి మార్చాలనడం అందుకే.

సీలు తీయని కొత్త సీసా, 8 మి.మీ. రింగ్ పానా (కొన్నిటికి వేరే సైజు), పారదర్శకమైన సన్న గొట్టం, పాత సీసా సిద్ధం చేసుకోండి. ట్యాంకుకి తడిగుడ్డ కప్పండి, ఆయిల్ పడితే పెయింటు లేస్తుంది. లివర్ నొక్కి పట్టుకోండి, బ్లీడ్ నిపుల్ (క్యాలిపర్ మీద గొట్టం తగిలించే చిన్న మర) పావు చుట్టు వదలండి, మళ్లీ బిగించండి, ఆ తర్వాతే లివర్ వదలండి. ఈ వరస తప్పితే గాలి లోపలికి పోతుంది. టీ రంగు పోయి తేట ఆయిల్ వచ్చేదాకా చేస్తూ, పై డబ్బాలో మట్టం కనీస గీత దిగకుండా పోస్తుండాలి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోకి గాలి చేరితే చాలా బైకుల్లో సర్వీస్ స్కానర్ లేకుండా బయటికి రాదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ని ఎప్పుడూ కలపొద్దు.

అదనపు లైట్లు

హెడ్‌లైట్ వైరు కోసి అతకడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ వైరూ స్విచ్చూ అంత కరెంటు కోసం చేసినవి కావు. 40 వాట్ల లైట్లు రెండు పెడితే 80 వాట్లు, అంటే సుమారు 6-7 ఆంపియర్లు. బ్యాటరీ ప్లస్ నుంచి 1.5 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజ్, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) 30వ పిన్‌కి. 87 నుంచి లైట్లకి. తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు నుంచి స్విచ్ ద్వారా 86కి, 85 ఎర్త్‌కి. వైరు అతుకులు క్రింప్ చేయండి, అంటే కనెక్టర్‌ని పట్టకారుతో నొక్కి బిగించండి. సోల్డర్ చేస్తే అతుకు పక్కన వైరు గట్టిపడి అదురుడికి తెగుతుంది.

హ్యాండిల్‌ని రెండు చివరలకీ తిప్పి ఎక్కడా వైరు లాగకుండా చూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, అన్ని లైట్లూ వేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. కాస్త రేస్ ఇచ్చినప్పుడు 13.5-14.5 వోల్టుల మధ్య ఉండాలి. ఐడిల్‌లో 13 కన్నా దిగితే ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా అదనపు లైట్లు ఆర్పేయండి. రేస్‌లో కూడా దిగుతుంటే ఆల్టర్నేటర్ మోయలేనంత కరెంటు లాగుతున్నారన్నమాట, తక్కువ వాట్ల ఎల్‌ఈడీలకి మారండి.